రాయి పోతుందా, ముక్కలు మిగులుతాయా?

తెనాలిలోనో గుంటూరులోనో యూరాలజిస్టు గదిలోకి అడుగుపెట్టిన కిడ్నీ రాయి మనిషి మొదట అడిగేది, "లేజరా సార్, కోతా?" తర్వాత, "ఎంతవుద్దండీ?" ఆ తర్వాత, "ఎన్నాళ్ళు పనికి పోకూడదు?" మూడూ అడగాల్సినవే. పొలమో, చెరువో, కొట్టో వదిలి వచ్చిన మనిషికి ఆ లెక్కలు కావాలి. కాకపోతే ఈ మూడింటికీ జవాబు దొరికినా రాయి సంగతి తేలదు. తేల్చే ప్రశ్న నాలుగోది: "నాకున్న రాయి, మీరు చెప్పిన పద్ధతిలో, ఒక్కసారికే మొత్తం పోయే అవకాశం ఎంత?"

దానికి జవాబు చాలావరకు మీ సంచిలో ఉన్న స్కాన్ కవర్లోనే ఉంటుంది. డాక్టరు గారి చేయి, ఆసుపత్రిలోని పరికరం, మీ ఒంట్లోని షుగరు, మూత్రంలోని క్రిములు మిగతా వాటా పంచుకుంటాయి. ఆపరేషన్ బల్ల ఎక్కకముందే వీటిలో దాదాపు అన్నీ తెలుసుకోవచ్చు, కొన్నిటిని మార్చుకోవచ్చు కూడా.

ఒకే కొలత, ఇద్దరు మనుషులు

రేపల్లె దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే నలభై ఏళ్ళ మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఎడమ కిడ్నీలో 14 మిల్లీమీటర్ల రాయి. బాపట్లలో ఉండే బావకి అంతకుముందు అదే సైజు రాయి ఉండేది. బయటి నుంచి తరంగాల షాకులిస్తే పోయింది, సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు. ఇక డాక్టరు దగ్గర సంభాషణ ఇలా నడుస్తుంది.

"మా బావకీ పద్నాలుగేనండీ. షాకులతో పోయింది. నాకూ అదే పెట్టండి."

"మీ బావగారి రాయి ఎక్కడ ఉండేదో చెప్పారా?"

"కిడ్నీలోనేగా సార్!"

కిడ్నీలోనే, నిజమే. కానీ కిడ్నీ లోపల ఒకటే గది ఉండదు. మూత్రం ఊరే చిన్న చిన్న గదులు పైన, మధ్యన, కింద వరసగా ఉంటాయి. వాటిని కేలిక్స్‌లంటారు. అవన్నీ మధ్యలో ఉన్న పెల్విస్ అనే సంచిలోకి తెరుచుకుంటాయి. ఆ సంచి నుంచి మూత్రనాళం మొదలై మూత్రాశయం దాకా దిగుతుంది. బావ రాయి మధ్య సంచిలో ఉండేది. పగిలిన ముక్కలు మూత్రంతో పాటు నేరుగా కిందికి జారిపోయాయి. ఈయన రాయి కింది కేలిక్స్‌లో ఉంది. అక్కడ పగిలిన ముక్కలు ముందు పైకెక్కాలి, సన్నటి మెడ దాటాలి, అప్పుడుగానీ సంచిలో పడవు. కృష్ణా డెల్టాలో మురుగు కాలవ కంటే పల్లంలో ఉన్న చేను ఎలాంటిదో కింది కేలిక్స్ అలాంటిది. నీరు ఎంత వదిలినా బయటికి పోయే వాలు లేదు.

ఇది ఊహ కాదు. కింది కేలిక్స్ రాళ్ళ మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2001లో అచ్చయింది. షాకులు ఇచ్చినవాళ్ళలో 37 శాతం మందికే రాయి పూర్తిగా పోయింది. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసినవాళ్ళలో 95 శాతం మందికి పోయింది. కాబట్టి బావ అనుభవం అబద్ధం కాకపోయినా ఈయనకు అది సాక్ష్యం మాత్రం కాదు. మన ఊళ్ళలో వైద్య సలహాల్లో సగం ఇలా బావల నుంచీ, పిన్నత్తల నుంచీ వస్తాయి. వాటిని కొట్టిపారేయనక్కర్లేదు. వాళ్ళ స్కాన్ కాగితం కూడా తెచ్చి పక్కన పెట్టి చూడమనండి, చాలు.

"బాగా జరిగింది" అన్న మాట

ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికొచ్చి "బాగా జరిగిందమ్మా" అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాటకు అర్థం రక్తం ఎక్కువ పోలేదనీ, మత్తు దిగిందనీ, మనిషి క్షేమమనీ. అది పెద్ద సంగతే. కానీ రాయి పగిలిందా, పగిలిన ముక్కలన్నీ బయటికొచ్చాయా అన్నది వేరే ప్రశ్న. యూరాలజీలో విజయం అంటే రాయి మిగలకపోవడం. పగలడం ఒక్కటే చాలదు.

4 మిల్లీమీటర్ల లోపు ముక్కలు మిగిలితే వాటిని హాని లేనివని లెక్కలోంచి తీసేయడం ఒకప్పుడు రివాజు. ఆ రోగులను ఏళ్ళ తరబడి గమనిస్తే కొందరిలో ఆ ముక్కలే పెరిగాయి, కొందరిలో నొప్పితో మళ్ళీ ఆసుపత్రికి తెచ్చాయి. అందుకే ఏదైనా హోర్డింగు మీద 98 శాతం సక్సెస్ అని కనిపిస్తే రెండు మాటలు అడగాలి. ఏ పరీక్షతో చూశారు? ఎన్నాళ్ళకు చూశారు? మర్నాడు తీసిన ఎక్స్‌రేలో కనపడని ముక్క నెలా రెండు నెలల తర్వాత తీసిన సీటీలో కనపడుతుంది. అల్ట్రాసౌండ్ చిన్న ముక్కలను చాలాసార్లు పట్టుకోలేదు. పరీక్ష ఎంత మెతకదైతే సక్సెస్ శాతం అంత పెరుగుతుంది!

ప్రపంచవ్యాప్తంగా 96 ఆసుపత్రులు కలిసి 2007 నుంచి 2009 వరకు వీపు వైపు రంధ్రంతో రాళ్ళు తీయించుకున్న 5,803 మంది లెక్క రాసిపెట్టాయి. రాయి పూర్తిగా పోయినవాళ్ళు 75.7 శాతం. అంటే అనుభవం ఉన్న చోట్ల కూడా ప్రతి నలుగురిలో ఒకరికి ఏదో ఒక ముక్క మిగిలింది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ నాలుగో మనిషి మీరయ్యే అవకాశం ఎంతో ముందే అంచనా వేయవచ్చు, రెండో సిట్టింగుకు డబ్బూ సెలవూ ముందే సర్దుకోవచ్చు, అందుకు చెబుతున్నా.

కవర్లో ఉన్న కాగితం

ముందు కవర్లో ఏ స్కాన్ ఉందో చూడండి. నొప్పి వచ్చిన రాత్రి తీసిన అల్ట్రాసౌండ్ ఒక్కటే ఉంటే ఆపరేషన్ నిర్ణయానికి అది సాధారణంగా చాలదు. రంగు మందు ఎక్కించకుండా తీసే ప్లెయిన్ సీటీ కేయూబీ కావాలి. కిడ్నీలూ, మూత్రనాళాలూ, మూత్రాశయమూ అన్నీ అందులో పడతాయి.

రిపోర్టులో మొదట కనపడేది సైజు. స్థూలంగా చెప్పాలంటే, కిడ్నీలో 10 మిల్లీమీటర్ల లోపు రాయికి షాకులో, మూత్రమార్గం గుండా లోపలికి వెళ్ళి లేజర్‌తో పగలగొట్టడమో సరిపోతుంది. 20 దాటితే వీపు రంధ్రం పద్ధతి ముందుకొస్తుంది. ఈ రెండు అంకెల మధ్యలో ఉన్న రాయి దగ్గరే అసలు చర్చంతా. రేపల్లె మనిషి రాయి సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. రాయి ఒక వైపు ఎంత పొడవుందో ఒక్క అంకె రాసి వదిలేస్తే, మిగతా రెండు వైపులా ఎంతో కూడా అడగండి. 14 పొడవూ 5 వెడల్పూ ఉన్న రాయి వేరు, మూడు వైపులా 14 ఉన్న రాయి వేరు. లోపల ఉన్న పదార్థం ఎన్నో రెట్లు తేడా.

తర్వాత చోటు. దాని సంగతి పైన చూశాం. కింది కేలిక్స్ అని రాస్తే ఇంకో మాట అడగాలి: మెడ పొడుగ్గా, సన్నగా ఉందా? సంచితో కలిసే కోణం ఇరుగ్గా ఉందా? అవునంటే షాకుల మీద ఆశ తగ్గించుకోవచ్చు. వంగే దుర్బిణీతో చేసే ఆర్ఐఆర్ఎస్‌కు కూడా ఆ కోణం ఇబ్బందే. గొట్టం కొస అంత మలుపు తిరిగాక దాని లోపల లేజర్ తీగ దూర్చడం కష్టమవుతుంది. అలాంటప్పుడు నేర్పున్న సర్జన్లు రాయిని చిన్న బుట్టతో పట్టి పై గదిలోకి మార్చి అక్కడ పగలగొడతారు.

మూడో అంకె చాలామంది గమనించనిది: హెచ్.యు. సీటీ యంత్రాన్ని రూపొందించి 1979లో నోబెల్ అందుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద ఉన్న కొలమానం. దాని మీద నీరు సున్నా. రాయి ఎంత దట్టంగా ఉందో ఈ అంకె చెబుతుంది. వెయ్యి దాటిన రాయి షాకులకు మొండికేస్తుంది. లేజర్‌కు పగులుతుంది గానీ ఎక్కువసేపు పడుతుంది. అదే 500 లోపు ఉంటే, అందులోనూ ఎక్స్‌రేలో కనపడకుండా సీటీలో మాత్రమే కనపడితే, అది యూరిక్ ఆమ్లం రాయి కావచ్చు. అలాంటి రాయి కొందరిలో మూత్రం ఆమ్లగుణం తగ్గించే సిట్రేట్ మందులతోనే కరిగిపోతుంది. షుగరు ఉన్నవాళ్ళలో ఈ రకం ఎక్కువ. కాబట్టి షుగరు మనిషి, తక్కువ హెచ్.యు., ఎక్స్‌రేలో కనపడని రాయి, ఈ మూడూ కలిస్తే ఆపరేషన్ తేదీ రాయించుకోకముందు "ఇది కరిగే రాయేమో చూశారా అండీ?" అని అడగడంలో తప్పు లేదు. రిపోర్టులో హెచ్.యు. రాయకపోతే స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేస్తే స్కాన్ మళ్ళీ తీయకుండానే చూసి చెప్పగలరు.

చర్మం నుంచి రాయికి ఎంత దూరమో కూడా స్కాన్‌లోనే కొలవచ్చు, కానీ రిపోర్టులో అరుదుగా రాస్తారు. లావుపాటి వాళ్ళలో ఆ దూరం 10 సెంటీమీటర్లు దాటితే షాకు తరంగం రాయిని చేరేసరికి నీరసిస్తుంది. వీపు రంధ్రం పద్ధతిలోనూ లోతు పెరిగేకొద్దీ పరికరం తిప్పడం కష్టం.

ఇక రాళ్ళు ఎన్ని? ఎన్ని గదుల్లో? మధ్య సంచిలో మొదలై గదుల్లోకి కొమ్మలేసిన రాయిని స్టాగ్ హార్న్ అంటారు. ఒక రంధ్రం నుంచి అన్ని గదులూ అందవు. పుట్టుకతోనే రెండు కిడ్నీలూ కింద అతుక్కుని ఉండటం, మూత్రనాళం మొదట్లోనే ఇరుకుగా ఉండటం, పాత ఆపరేషన్ మచ్చలు, ఇవన్నీ రాయి కంటే ఎక్కువ తిప్పలు పెట్టగలవు.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యులు రాళ్ళ సంఖ్య, చోటు, కిడ్నీ ఆకృతి కలిపి నాలుగు గ్రేడ్లు చేశారు. 2011లో ప్రచురించారు. మామూలు కిడ్నీలో, అందుబాటు చోట ఒకే రాయి ఉంటే మొదటి గ్రేడు. పై కేలిక్స్‌లో ఒంటరి రాయో, మామూలు కిడ్నీలో చాలా రాళ్ళో, తేడా ఉన్న కిడ్నీలో ఒకే రాయో ఉంటే రెండోది. తేడా ఉన్న కిడ్నీలో ఎక్కువ రాళ్ళూ, సగం కొమ్మలేసిన రాయీ మూడోది. పూర్తి స్టాగ్ హార్న్ నాలుగోది, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ రాళ్ళు కూడా అందులోకే వస్తాయి. వాళ్ళు చేసిన వంద వీపు రంధ్రం ఆపరేషన్లలో రాయి పూర్తిగా పోయినవి మొదటి గ్రేడులో 81 శాతం, రెండో దాంట్లో 72, మూడో దాంట్లో 35, నాలుగో దాంట్లో 29. అది ఒక ఆసుపత్రి లెక్క, అంకెలు ఆసుపత్రిని బట్టి మారతాయి. మెట్టు మాత్రం మారదు. "నాది ఏ గ్రేడు కింద వస్తుందండీ?" అని అడిగి చూడండి. వినే డాక్టరు మొహంలో మీ పట్ల కొత్త శ్రద్ధ కనపడుతుంది.

లేజర్ అనే ఆకర్షణ

లేజర్ అన్న మాటకు మన దగ్గర ఒక మోజుంది. కోత లేదు, నొప్పి లేదు, ఆధునికం అన్న అర్థాలన్నీ అందులో కలిసిపోయాయి. కానీ లేజర్ రాయిని పగలగొట్టే పనిముట్టు మాత్రమే. అది లోపలికి ఏ దారిన వెళ్ళింది అన్నదే పద్ధతిని నిర్ణయిస్తుంది. మూత్రమార్గం గుండా మూత్రనాళంలో రాయి దాకా వెళితే యూఆర్ఎస్ఎల్. వంగే గొట్టంతో కిడ్నీ దాకా వెళితే ఆర్ఐఆర్ఎస్. వీపు నుంచి నేరుగా కిడ్నీలోకి వెళితే పీసీఎన్ఎల్, అందులోనూ చాలాచోట్ల లేజరే వాడతారు. ఇవి కాక బయటి నుంచే తరంగాలు పంపే ఈఎస్‌డబ్ల్యూఎల్, జనం భాషలో షాకులు.

పీసీఎన్ఎల్‌ను 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ మొదలుపెట్టారు. షాకుల యంత్రం విమానాలు తయారుచేసే డోర్నియర్ కంపెనీ చేతుల్లో పుట్టింది. మొదటి రోగికి మ్యూనిక్‌లో 1980 ఫిబ్రవరి 7న వాడారు. అప్పట్నుంచీ పరికరాలు సన్నబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు మినీ పీసీఎన్ఎల్‌లో రంధ్రం పాతదాని కంటే బాగా చిన్నది, రక్తం పోవడం తక్కువ. అలాగని ఏది కొత్తదైతే అది మంచిదని కాదు. 25 మిల్లీమీటర్ల గట్టి రాయిని ఆర్ఐఆర్ఎస్‌తో తీయవచ్చు, కానీ తరచుగా రెండు సిట్టింగులు కావాలి, మధ్యలో మూత్రనాళంలో స్టెంటు అనే గొట్టం మోయాలి. పీసీఎన్ఎల్ ఒక్కసారికే పని ముగించే అవకాశం ఎక్కువ, దానికి బదులు రక్తస్రావం భయం కాస్త ఎక్కువ. రక్తం పల్చబడే మందులు మానడానికి వీల్లేని గుండె రోగికి ఆర్ఐఆర్ఎస్సే మేలు కావచ్చు. రేపల్లె మనిషి సంగతి చూస్తే, కింది కేలిక్స్, 14 మిల్లీమీటర్లు, హెచ్.యు. 1,200 అనుకుందాం. షాకులు వద్దనడం సబబు. మినీ పీసీఎన్ఎల్, ఆర్ఐఆర్ఎస్ రెండింటిలో ఏది అన్నది కోణాన్ని బట్టి, ఆ సర్జన్ చేతి నేర్పును బట్టి తేలుతుంది.

షాకులే సరైనవైతే ఒక చిన్న సంగతి. నిమిషానికి 120 షాకులు ఇచ్చేదాని కంటే 60 నుంచి 90 ఇస్తే రాయి బాగా పగులుతుందని అధ్యయనాలు తేల్చాయి. పని తొందరగా అయిపోవడం లేదని విసుక్కోకండి.

మూత్రనాళంలోకి దిగిన చిన్న రాయి సంగతి వేరు. 5 మిల్లీమీటర్ల లోపువి దాదాపు మూడింట రెండు వంతులు వాటంతటవే పోతాయి. 5 నుంచి 10 మధ్యవి సగానికి కాస్త తక్కువ. కొన్ని వారాలు ఆగడం కూడా చికిత్సే, జ్వరం లేకుండా, నొప్పి మందులకు లొంగుతూ, రెండో కిడ్నీ బాగుండి, డాక్టరు పర్యవేక్షణలో ఉన్నంతవరకు. కొల్లూరు లంక అరటి దూట రసానికీ, ఉలవ కట్టుకీ, కొండపిండి ఆకుకీ వచ్చిన పేరులో ఎక్కువ భాగం ఈ పోయే రాళ్ళు సంపాదించిపెట్టిందే. తాగితే ద్రవం ఒంట్లోకి పోతుంది, అంతవరకు మంచిదే. ప్రమాదం ఎక్కడంటే, నొప్పి తగ్గింది కాబట్టి రాయి పోయిందనుకోవడంలో. నాళాన్ని మూసేసిన రాయి కొన్నాళ్ళకు నొప్పి మానేస్తుంది, వెనకాల కిడ్నీ మాత్రం చడీచప్పుడు లేకుండా పాడవుతూ ఉంటుంది. నొప్పి తగ్గినా స్కాన్ మళ్ళీ తీయించాలి.

రాయి అనగానే ఉద్దానం గుర్తొచ్చి వణికేవాళ్ళున్నారు. శ్రీకాకుళం జిల్లాలో మనుషుల్ని డయాలసిస్‌కు తెచ్చిన ఆ జబ్బు వేరు, రాళ్ళు వేరు. సకాలంలో తీస్తే రాయి కిడ్నీని మింగదు.

సీసాలో మూత్రం

మొత్తం వ్యవహారంలో అతి చవకైనదీ, అందరూ తొందరపడి దాటేసేదీ మూత్రంలో క్రిములున్నాయేమో చూసే యూరిన్ కల్చర్. రాయి సందుల్లో క్రిములు గూడు కట్టుకుని ఉంటాయి. రాయి పగలగొడుతూ లోపలికి నీళ్ళు కొట్టినప్పుడు ఆ ఒత్తిడికి అవి రక్తంలోకి దూకుతాయి. రాయి మొత్తం తీసేసినా రాత్రికి చలిజ్వరం, బీపీ పడిపోవడం, ఐసీయూ. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. "రేపే చేసేయండి సార్, మళ్ళీ మళ్ళీ రాలేం" అని బతిమాలే బదులు ఆ రోజుల్ని లెక్కలో వేసుకుని రండి.

ఇక్కడ మన పల్లెల్లో ఒక చిక్కుంది. మంట అనగానే ఊళ్ళో ఆర్ఎంపీ రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు ఇస్తాడు. అవి వేసుకుని శాంపిల్ ఇస్తే లోపల క్రిములున్నా కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. ఏ మందు వేసుకున్నారో పేరు తెలియకపోతే ఖాళీ అట్ట అయినా తెచ్చి చూపించాలి. క్రిములు ఉన్నాయని తేలితే వాటికి సరిపోయే మందు కొన్ని రోజులు వాడాకే ఆపరేషన్. షుగరు అదుపులో లేనివాళ్ళకు ఈ జ్వరాల ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. రాయి అడ్డుపడి, దానితో పాటు చలిజ్వరం వస్తే అది అత్యవసరం. అప్పుడు రాయి జోలికి పోరు. ముందు లోపల నిలిచిన మూత్రాన్ని స్టెంటు వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో బయటికి తీస్తారు. రాయి కొన్నాళ్ళ తర్వాత. "రాయి తీయకుండా గొట్టం పెట్టి పంపేశారు" అని నిష్టూరమాడేవాళ్ళు ఎందరో. ఆ రోజు ప్రాణం నిలిపింది ఆ గొట్టమే.

చేయి, కార్డు, ప్రయాణం

పీసీఎన్ఎల్‌లో చేయి తిరగడానికి ఒక సర్జన్‌కు దాదాపు 60 ఆపరేషన్లు పడతాయని అధ్యయనాలు చూపాయి. ఆ 5,803 మంది లెక్క నుంచి తయారుచేసిన అంచనా పట్టికలో రాయి సైజుతో పాటు ఆసుపత్రిలో ఏటా ఎన్ని చేస్తారన్నది కూడా ఒక అంశం. అందుకే "ఇలాంటివి నెలకెన్ని చేస్తుంటారండీ?" అని మర్యాదగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదీ ఒక జవాబే. ఒకే పద్ధతి ఉన్న చోట ప్రతి రాయీ ఆ పద్ధతికే సరిపోయేదిలా కనపడే ప్రమాదం ఉంది. కాబట్టి "మీ దగ్గర లేని పద్ధతి నాకు మేలంటారా?" అన్న ప్రశ్న కూడా దాచుకోకండి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో కిడ్నీ రాళ్ళ ఆపరేషన్లున్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర రెండు సంగతులు ముందే తేల్చుకోండి: మీకు చెప్పిన పద్ధతి అందులో ఉందా, ముక్కలు మిగిలి రెండో సిట్టింగు కావాల్సొస్తే, స్టెంటు తీయాల్సొస్తే ఆ ఖర్చు ఎవరిది? రేపల్లె రైలెక్కి గుంటూరుకు నాలుగుసార్లు తిరగాల్సి వస్తే కూలీ పోయేది కూడా ఖర్చే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. సొంతంగా మానేయకూడదు, గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు మరీ. గుండె డాక్టరూ యూరాలజిస్టూ మాట్లాడుకోవాల్సిన విషయం అది.

ఇంటికొచ్చాక

చాలామందికి లోపల డీజే స్టెంటు పెట్టి పంపుతారు. మూత్రానికి వెళ్ళినప్పుడు నడుంలో పోటు, మంట, లేత ఎరుపు మామూలే. నీళ్ళు బాగా తాగితే సర్దుకుంటాయి. మామూలు కానిది దాన్ని మరిచిపోవడం. పోటు అలవాటైపోయి, పంట పనుల్లో పడి, నెలల తరబడి వదిలేస్తే స్టెంటు మీదే రాయి కడుతుంది. అప్పుడు దాన్ని తీయడానికి మొదటి ఆపరేషన్ కంటే పెద్దది చేయాల్సొస్తుంది. డిశ్చార్జి రోజునే తీసే తేదీ రాయించుకుని, ఇంట్లో ఫోను వాడే పిల్లల చేత అలారం పెట్టించండి.

పీసీఎన్ఎల్ అయినవాళ్ళు వారం పది రోజుల తర్వాత కూడా మూత్రంలో చిక్కటి రక్తం, గడ్డలు కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు. అరుదైనదే, కానీ నిజాంపట్నంలోనో సూర్యలంకలోనో అర్ధరాత్రి అది మొదలైతే బండి కట్టించుకుని బయలుదేరాల్సిందే.

ఒకటి నుంచి మూడు నెలల మధ్య డాక్టరు చెప్పిన స్కాన్ తీయించుకోండి. రాయి పోయిందా లేదా అన్నది ఆ రోజే ఖాయంగా తేలుతుంది. పోయినా, రాయి ఒకసారి కట్టిన మనిషికి ఐదు పదేళ్ళలో మళ్ళీ కట్టే అవకాశం సుమారు సగం. ఉప్పు కొఠార్లలో, చెరువు గట్ల మీద, మే నెల ఎండలో పని చేసేవాళ్ళ ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, మూత్రం చిక్కబడుతుంది. ఎన్ని గ్లాసులు తాగారని లెక్కపెట్టుకోవద్దు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. సెలవు రోజు లీటరు సీసాతో ఒకసారి కొలిచి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

తిండి దగ్గర మనవాళ్ళు తలకిందులుగా నడుస్తారు. టమాటా గింజలు ఏరిపారేస్తారు, పాలు మానేస్తారు, ఆవకాయా ఉప్పుచేపా మాత్రం వదలరు. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. పాలూ పెరుగూ మానితే ఆకుకూరల్లోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి ఉంచేది కరువై అది కిడ్నీ దాకా చేరుతుంది. గోంగూరలో ఆక్సలేట్ దండిగా ఉంది. గుంటూరు వైపు మనిషిని గోంగూర మానమంటే వినడు, నేనూ మానమనను. తక్కువ తినండి, తిన్న పూట పెరుగన్నం కూడా తినండి.

చివరగా, తీసిన రాయి ముక్కల సంగతి. వాటిని చిన్న డబ్బాలో వేసి ఇస్తే చుట్టాలకు చూపించి దూలం మీద పెట్టేస్తారు. ల్యాబుకు పంపమనండి. రాయి దేనితో కట్టిందో తెలిస్తేనే రెండో దాన్ని ఆపే దారి తెలుస్తుంది. రాళ్ళు పదేపదే కడుతుంటే రక్తంలో కాల్షియం, యూరిక్ ఆమ్లం, ఫాస్ఫరస్ కూడా చూస్తారు.  రాయి పరీక్షలో కాల్షియం ఆక్సలేట్ అని వస్తే పైన చెప్పిన నీళ్ళూ ఉప్పూ గోంగూరల లెక్క. ఇన్‌ఫెక్షన్ రాయి అని వస్తే కల్చర్లు మళ్ళీ మళ్ళీ చేయించాలి, చిన్న ముక్క కూడా మిగలనివ్వకూడదు. యూరిక్ ఆమ్లం అని వస్తే, తర్వాతి రాయికి కత్తీ లేజరూ అవసరం లేకుండా సిట్రేట్ మందూ మూత్రం పీహెచ్ చూసుకునే కాగితపు పట్టీలతోనే గట్టెక్కే అవకాశం ఉంది.